ముందు పొద్దుగూకే చోట పిల్లల నిద్ర

తెలుగునాట అందరికంటే ముందు పొద్దుగూకేది ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం వైపు ఊళ్లలోనే. డిసెంబరు మొదటి వారంలో శ్రీకాకుళంలో సాయంత్రం అయిదుంబావు దాటిందంటే సూర్యుడు కనబడడు. అదే రోజు అనంతపురంలో మరో అరగంట వెలుగుంటుంది. ఎండాకాలంలో ఈ తేడా కాస్త తగ్గుతుందే తప్ప పోదు. 1906 జనవరి 1న దేశానికి ఒకే ప్రామాణిక గడియారాన్ని లెక్కగా పెట్టారు. ఆ లెక్కకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ, తుని ప్రాంతం మీదుగా పోతుంది. దానికి తూర్పునున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గడియారం కంటే సూర్యుడే కాస్త ముందుంటాడు, పడమటనున్న రాయలసీమలో వెనకబడతాడు. బడి గంట మాత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకే వేళకు మోగుతుంది. ఈ తేడా పిల్లల నిద్రను ఏం చేస్తుందో మౌలిక్ జగ్నాని అనే ఆర్థికశాస్త్రవేత్త దేశవ్యాప్త లెక్కలతో పరిశీలించాడు. పొద్దు గంట ఆలస్యంగా గూకే చోట పిల్లలు అరగంట తక్కువ నిద్రపోతున్నారనీ, వాళ్లు చదివే చదువు కూడా సగటున ఏడాదిలో పదింట ఎనిమిది పాళ్ల మేర తగ్గుతోందనీ, ఈ నష్టం పేదిళ్లలోనే ఎక్కువనీ ఆయన తేల్చాడు. ఆ లెక్కన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు తెలుగు పిల్లలందరిలోకీ ఎక్కువ నిద్ర దక్కాలి. భూగోళం ఇచ్చిన ఆ వెసులుబాటు ఒకప్పుడు నిజంగానే దక్కింది. అది ఎలా దక్కిందో, ఎలా జారిపోయిందో చూస్తే, నిద్ర తగ్గినప్పుడు పిల్లల తిండికీ ఆటకూ ఏమవుతుందన్న ప్రశ్నకు ఇక్కడి చరిత్రలోనే సగం జవాబు దొరుకుతుంది. ఉత్తరాంధ్రలో పిల్లలు లేచే వేళ రెండు వందల ఏళ్లుగా పెద్దగా మారలేదు. పడుకునే వేళ మారింది, దానితోపాటు రాత్రి కూడు వేళ కూడా మారింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

పాత సాయంత్రాన్ని నడిపింది నూనె ఖర్చు. ఆముదపు దీపమైనా, ఆ తర్వాత వచ్చిన కిరసనాయిలు బుడ్డి అయినా, పేదింట అది వంట పూర్తయి, కంచాలు కడిగేవరకే వెలిగేది. అందుకని పొద్దుండగానే పొయ్యి రాజేసేవారు, చీకటి పడే వేళకు పిల్లల కూడు అయిపోయేది. ఆ కూడు కూడా ఇప్పటిలా వరి అన్నం కాదు. మెట్ట ఊళ్లలో చోళ్లూ (రాగులు), గంట్లే (సజ్జలు) ఆధారం. పండగకో చుట్టం వచ్చినప్పుడో వరి అన్నం, మిగతా రోజుల్లో చోడి సంకటో గంటి సంకటో. తెల్లారితే అంబలి. అంబలి కాయడం రాత్రే మొదలవుతుంది. చోడిపిండిని నీళ్లలో కలిపి పులియబెట్టి, పొద్దున్నే మరిగే ఎసట్లో పోసి, గడ్డ కట్టకుండా కలియబెట్టి, కాస్త నూకలు వేసి ఉడికించి, చల్లారాక ఉల్లిపాయో పచ్చిమిరపకాయో నంజుకుని తాగుతారు. వరి వండే ఇళ్లలో అన్నం వార్చిన గంజినీ కడుగునీళ్లనూ కుండలో పులియబెట్టిన తరవాణి ఆ పని చేసేది. ఈ ఏర్పాటులో నేను ముఖ్యమనుకునేది రాత్రి కూటికీ పొద్దుటి అంబలికీ మధ్య ఉన్న దూరం. చీకటి పడగానే తిని పడుకున్న పిల్లకు మళ్లీ తిండి తెల్లారాకే. ఆ మధ్య పది పన్నెండు గంటలు పొయ్యి ఆరే ఉండేది. తినడానికి ఇంట్లో ఏమీ ఉండేది కాదు, కొనడానికి వీధిలో కొట్టూ ఉండేది కాదు. పొద్దున్న లేచేసరికి ఆకలి కరకరలాడేది, ఆ ఆకలికి అంబలి సిద్ధంగా ఉండేది.

లేవడం మాత్రం అప్పుడూ తొందరే. పసులు కాసే పిల్లలు తొలికోడి కూసిన కాసేపటికే లేచేవారు. చదువుకునే కొద్దిమందికీ తప్పేది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా వీధి బడుల వివరాలు అడిగినప్పుడు గంజాం, విశాఖపట్నం కలెక్టర్లూ లెక్కలు పంపారు. శ్రీకాకుళం అప్పుడు గంజాం కింద, విజయనగరం విశాఖపట్నం కింద ఉండేవి. బడి లోపలి తీరును అన్నిటికన్నా వివరంగా రాసింది బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్, 1823లో. ఆయన చెప్పిన ప్రకారం బడి పొద్దున ఆరింటికి తెరిచేవారు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. అలాంటి బడికి ఆరులోపు చేరాలంటే చీకటితోనే లేవాలి. కాబట్టి పిల్లల్ని పొద్దున్నే లేపేసే దురలవాటు కార్పొరేట్ కాలేజీలు కొత్తగా తెచ్చింది కాదు. తెలుగు బడికి అది పుట్టుకతో వచ్చింది. అప్పటి పిల్లలు దాన్ని తట్టుకోగలిగారంటే రాత్రి ఏడింటికో ఎనిమిదింటికో నిద్రపోయి ఉండటం వల్లే. చుక్కలు చూసి లేచేవాడికి చీకటి పడగానే పడుకునే వీలుండేది.

ఇదంతా పాతకాలాన్ని నెత్తిన పెట్టుకోవడం కాదా అని అడగవచ్చు. ఆ అభ్యంతరంలో చాలా నిజం ఉంది. ఆ కాలంలో పిల్లలు పాలేర్లుగానో కంబారులుగానో రైతిళ్లలో కుదిరేవారు. పశువుల సాలలో పడుకుని, ఆ ఇంటివాళ్లకంటే ముందే లేచి పేడ తీసేవారు. చాసో 'కుంకుడాకు' కథలో పొయ్యిలోకి ఆకులేరుకునే పేదపిల్లకు దక్కింది ఏ బాల్యమో చదివినవాళ్లకు తెలుసు. దోమలూ చలిజ్వరాలూ రాత్రుల్ని ముక్కలు చేసేవి. ఆకలితో పడుకున్న బిడ్డకు నిండు నిద్ర ఎక్కడిది? పైగా ఉత్తరాంధ్రలో మేలుకునే రాత్రులకు కొదవ లేదు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవానికి ముందురోజు తొలేళ్ల రాత్రి ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. తూర్పు భాగవతం సత్యభామ రంగం మీదికొచ్చేది అర్ధరాత్రి ముంగిట, మద్దెల ఆగేది తెల్లారాకే. తప్పెటగుళ్లు, జముకుల కథ, ఆదిభట్ల నారాయణదాసు ఊపిరి పోసిన హరికథ అన్నీ రాత్రి కళలే, వాటి ముందు వరసలో చాపల మీద కూర్చునేది పిల్లలే. వెన్నెల రాత్రుల్లో దాగుడుమూతలూ చెడుగుడూ ఎంతసేపు సాగేవో చెప్పనక్కర్లేదు. అర్జెంటీనాలోని తోబా తెగవారి మీద 2021లో వెలువడిన పరిశోధన కూడా పున్నమికి ముందు రాత్రుల్లో మనుషులు ఆలస్యంగా పడుకుని తక్కువ నిద్రపోతారని చెప్పింది. ఇదంతా ఒప్పుకుంటాను. అయితే తొలేళ్లు ఏడాదికి ఒక రాత్రి, భాగవతం పండక్కో జాతరకో, నిండు వెన్నెల నెలలో నాలుగైదు రోజులు. ఆ మర్నాడు పిల్లలు అరుగు మీదో చెట్టు కిందో పడి ఆ బాకీ తీర్చుకునేవారు, ఎవరూ లేపేవారు కాదు. ఈనాటి పిల్లకు ప్రతి రాత్రీ తొలేళ్లే, మర్నాడు పగటి కునుకు మాత్రం లేదు.

మరో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. కరెంటు లేని జనం ఎక్కువసేపు నిద్రపోతారన్నది నిజమా? టాంజానియాలోని హడ్జా, కలహారి ప్రాంతపు శాన్, బొలీవియాలోని త్సిమానే తెగల పెద్దలకు చేతి పరికరాలు కట్టి కొలిస్తే రాత్రికి సగటున 5.7 నుంచి 7.1 గంటల నిద్రే తేలిందని 2015లో యెటిష్ బృందం ప్రకటించింది. సగటున పొద్దుగూకాక మూడు గంటల పైన గానీ వాళ్లు పడుకోలేదు. ఇది విని మన పూర్వీకులూ అంతేనంటే కాదనలేం. అయినా అవి పెద్దవాళ్ల కొలతలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల సంఘం 2016లో నిర్ణయించింది. పెద్దలు వాకిట్లో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే పక్కన నులకమంచం మీద పిల్లలు నిద్రపోవడానికి ఏ అడ్డూ ఉండేది కాదు. వాళ్లను మేలుకొలిపి ఉంచే వెలుగు లేదు, రేపటికి అప్పగించాల్సిన హోంవర్కూ లేదు. పెద్దల నిద్ర, పిల్లల నిద్ర వేర్వేరుగా నడవగలిగిన ఆ ఏర్పాటే ఇప్పుడు పోయింది.

అది ఒక్కరోజులో పోలేదు. కిరసనాయిలు లాంతరు మొదట కలిగినవాళ్ల ఇళ్లలో చదువుకునే పిల్లల కోసం వెలిగింది. విజయనగరంలో మహారాజా వారి బడి 1857లో పుట్టి 1879లో కాలేజీ అయ్యింది. దానితోపాటే పరీక్ష, పరీక్షతోపాటే రాత్రి చదువు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. ఆ తర్వాత ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలయ్యాక కరెంటు పట్టణాల్ని దాటి మెల్లగా ఊళ్లకు పాకింది. బల్బు వెలిగినా మొదట్లో పడుకునే వేళ గంటకు మించి జరిగి ఉండదని నా అంచనా. చూడటానికి ఏమీ లేనప్పుడు వెలుగు ఒక్కటే మనిషిని ఎంతసేపని కూర్చోబెడుతుంది? అసలు కుదుపు 1995లో వచ్చింది. ఆ ఏడు ఆగస్టులో ఈటీవీ మొదలైంది, మిగతా తెలుగు చానళ్లూ ఆ చుట్టుపక్కలే వచ్చాయి. సాయంత్రం ఏడు నుంచి రాత్రి పది దాకా సీరియళ్లు వరస కట్టాయి. వాటి మధ్య ప్రకటనల వేళల్లోకి ఇంటి వంట, ఇంటి భోజనం సర్దుకున్నాయి. పొద్దుండగానే అయిపోయే కూడు తొమ్మిదింటికి జరిగింది. ఒక గది ఇంట్లో టీవీ ఆ గదిలోనే, మంచం ఆ గదిలోనే, పిల్లా ఆ గదిలోనే. జగ్నాని లెక్కల్లో పేదిళ్ల పిల్లలు ఎందుకు ఎక్కువ నష్టపోయారో అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క గది చాలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ తెర దుప్పటి కిందికీ చేరింది. ఇదే కాలంలో పొద్దుటి కొసన కూడా మార్పు వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తరిమింది, దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే దానితోపాటు చోళ్ల చేలు తగ్గాయి, అంబలి ముసలివాళ్ల తిండి అయిపోయింది. రాత్రి పొద్దుపోయి తిని పడుకున్న పిల్లకు తెల్లారి ఆకలి లేకపోవడమూ, ఆకలేసినా కాచిన అంబలి ఇంట్లో లేకపోవడమూ ఒకే తరంలో కలిసి వచ్చాయి.

నిద్ర తగ్గితే తిండి ఎందుకు పెరుగుతుందో చెప్పే పరిశోధనల్లో ఎక్కువగా వినిపించేది 2004 నాటి షికాగో ప్రయోగం. పన్నెండు మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, చాలనిపించే లెప్టిన్ హార్మోను 18 శాతం తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పత్రికలు ఈ రెండు అంకెలతోనే పిల్లల గురించి కూడా రాసేస్తుంటాయి. నాకు అది సరిగా తోచదు. అది పెద్దల మీద, రెండు రాత్రుల మీద చేసిన పని. పిల్లల మీద నేరుగా చేసినది చాంటెల్ హార్ట్ బృందం 2013లో ప్రకటించింది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లల్ని 37 మందిని తీసుకుని, ఒక వారం నిద్ర గంటన్నర పెంచమన్నారు, మరో వారం గంటన్నర తగ్గించమన్నారు. ఎక్కువ నిద్రపోయిన వారం పిల్లలు రోజుకు సగటున 134 కేలరీలు తక్కువ తిన్నారు. అయిదారు గ్లూకోజ్ బిస్కట్లకు సమానం అది. బరువు కూడా పావు కిలో లోపు తగ్గింది. ఆలోచింపజేసే సంగతి మరొకటుంది. ఎక్కువ నిద్రపోయినప్పుడు ఆ పిల్లల్లో లెప్టిన్ పెరగాల్సింది పోయి తగ్గింది, గ్రెలిన్‌లో తేడా కనబడలేదు. అంటే హార్మోన్ల కథ పిల్లల విషయంలో అంత సూటిగా నడవలేదు. మరి ఆ కేలరీలు ఎక్కడినుంచి వచ్చాయి? మేలుకున్న గంటల్లోంచి వచ్చాయని అనుకోవడమే సబబు. అలసిన పిల్ల తీపినీ కరకరలాడేదాన్నీ వెతుక్కుంటుంది, అవి చేతికందేంత దూరంలో ఉంటాయి. పాత ఉత్తరాంధ్ర ఇంట్లో పిల్ల ఒకవేళ తొమ్మిదిదాకా మేలుకున్నా ఆరిన పొయ్యి తప్ప ఏమీ దొరికేది కాదు. ఇప్పుడు వీధి చివరి కిళ్లీ కొట్టు తాళం పది దాటితే గానీ పడదు, దాని గుమ్మానికి అయిదు రూపాయల ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. మేలుకోవడమూ, దొరకడమూ కలిసినప్పుడే నిద్రలేమి తిండిగా మారుతోంది.

ఆట సంగతి ఇంత తేలిగ్గా తేలదు. నిద్ర తగ్గిన పిల్ల మర్నాడు మందకొడిగా ఉంటుంది, ఆడదు అని అందరూ అంటారు. నడుముకు యంత్రాలు కట్టి కొలిచిన పరిశోధనల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. కొన్నిచోట్ల నిద్ర తగ్గినవాళ్లు తక్కువ కదిలారు, కొన్నిచోట్ల తేడా లేదు, మేలుకున్న గంటలు ఎక్కువ కాబట్టి మొత్తం కదలిక ఎక్కువగా తేలిన సందర్భాలూ ఉన్నాయి. ఇక్కడ మనం ప్రశ్నను తిరగేసి అడగాలనిపిస్తుంది. పాత ఊళ్లలో నిద్ర ఆటను పుట్టించలేదు, ఆటా పనీ కలిసి నిద్రను పుట్టించాయి. పొద్దున్నుంచి ఎండలో గొడ్ల వెంట తిరిగి, చెరువులో ఈది, సాయంత్రం బిళ్లంగోడు ఆడిన పిల్లను పడుకోమని ఎవరూ బతిమాలే పని లేదు. పగటి ఎండ కంటికి తగిలితే రాత్రి నిద్ర వేళకు వస్తుందని శాస్త్రమూ ఒప్పుకుంటుంది. కదలిక, దాని వెనక నిద్ర, దాని వెనక పొద్దుటి ఆకలి, దాని వెనక అంబలి వరసగా నడిచేవి. ఈ ప్రాంతానికి దేహబలంలో పేరు తెచ్చినవాళ్లను చూస్తే కూడా ఈ వరసే కనబడుతుంది. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో పెరిగి, అక్కడి బడిలో వ్యాయామం నేర్పి, ఆ తర్వాత సర్కసుతో దేశమంతా తిరిగాడు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ ఒక చిన్న ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. గురజాడ దేశభక్తి గేయంలో తిండికీ దేహబలానికీ ముడివేశాడు. ఈ రెంటినీ కలిపే నిద్ర ఆనాడు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేనంత మామూలు విషయం. బరువులెత్తే పిల్ల తెల్లవారుజామున సాధనకు వెళ్లాలంటే రాత్రి తొమ్మిదిలోపు పడుకోవాలి. ఆ అవసరం పిల్లలందరి జీవితంలోంచీ తొలగిపోయి, ఇప్పుడు క్రీడాకారిణుల దగ్గరే మిగిలింది.

ప్రతి తరమూ ఇలాగే ఏడ్చిందన్న మాట కూడా వినబడుతుంది. దీనికి ఆధారం లేకపోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన లీసా మాట్రిచాని, టిమ్ ఓల్డ్స్ బృందం 1897 నుంచి 2009 వరకు వచ్చిన నిద్ర సిఫారసులన్నీ వెతికి చూసింది. ఏ కాలంలోనైనా పిల్లలు నిజంగా నిద్రపోయేదానికంటే ఇంచుమించు 37 నిమిషాలు ఎక్కువ పడుకోవాలనే పెద్దలు చెబుతూ వచ్చారు. ప్రతిసారీ నెపం ఆ కాలపు కొత్త వస్తువు మీదికే పోయింది. కాబట్టి సిఫారసు అంకెల్ని వేదంలా పట్టుకోవద్దన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ అదే బృందం 20 దేశాల నుంచి, 1905 నుంచి 2008 దాకా, దాదాపు ఏడు లక్షల మంది పిల్లల కొలతల్ని కూడా పోగేసింది. వందేళ్లలో పిల్లల నిద్ర గంటకు పైగా తగ్గిందని అందులో తేలింది. పెద్దల ఏడుపు పాతదే, అంతమాత్రాన నిద్ర తగ్గడం అబద్ధమైపోదు.

చివరి అభ్యంతరం మన జిల్లాల గురించే. ఊబకాయం పట్నాల జబ్బు, శ్రీకాకుళం ఊళ్లలో పిల్లలు బక్కచిక్కి, రక్తం లేక ఉంటే నిద్రా కేలరీలూ అంటూ ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్న. కానీ నిద్రలేమి బక్కపిల్లను కూడా దెబ్బతీస్తుంది, మరో దారిలో. పదకొండుకు పడుకున్న పిల్ల ఆరున్నరకు లేపితే లేస్తుంది, తిన బుద్ధి కాదు, ఉత్త కడుపుతో బడికి పోతుంది. రాత్రి తిన్నది ప్యాకెట్టు. అందులో కేలరీలున్నాయి గానీ ఎముకకు కావలసిన సున్నం లేదు. నూరు గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటే, బియ్యంలో దాని ఛాయ కూడా కనబడదు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా ఊరేది గాఢనిద్రలో, అదీ నిద్ర పట్టిన మొదటి గంటల్లో. బక్కపిల్లకు పొద్దుటి తిండి పోవడం, లావుపిల్లకు రాత్రి తిండి పెరగడం రెండూ జారిన ఒకే సాయంత్రం ఫలితాలు.

2003 జనవరిలో రాష్ట్రంలో బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. 2023 మార్చిలో వారానికి మూడు రోజులు రాగిజావ కూడా చేర్చారు. ఇళ్లలోంచి పోయిన అంబలి ప్రభుత్వ గిన్నెలో తిరిగి వచ్చింది. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసిన పని. కానీ తిండిని వెనక్కి తెచ్చినవాళ్లు వేళను వెనక్కి తేవడం గురించి ఇంకా ఆలోచించలేదు. రెండు జిల్లాల్లో వేలాదిమంది పిల్లలు గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో, ప్రైవేటు రెసిడెన్షియల్ బడుల్లో ఉంటున్నారు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో వలస వెళ్లినవాళ్లు. ఈ పిల్లల సాయంత్రాన్ని టీవీ కాదు, గోడకు అంటించిన దినచర్య పట్టిక నడుపుతుంది. రాత్రి స్టడీ అవర్ పది దాకా, పొద్దుటి స్టడీ అవర్ అయిదింటికి అని ఆ పట్టికలో ఉంటే, పదమూడేళ్ల పిల్లకు ఏడు గంటల నిద్ర కూడా మిగలదు. ఇంటి సాయంత్రాన్ని మార్చమని ఎవరికీ ఆజ్ఞ వేయలేం. ఈ పట్టికను మార్చడానికి మాత్రం ఒక్క ఉత్తర్వు చాలు. రాత్రి భోజనం ఆరున్నరకు, దీపాలు ఆర్పడం తొమ్మిదికి, పొద్దుటి చదువుకు బదులు అరగంట మైదానంలో ఎండ. శ్రీకాకుళంలో డిసెంబరు చీకటి అయిదున్నరకే పడుతుంది కాబట్టి, ఈ మార్పు రాష్ట్రంలో అన్నిటికంటే తేలిగ్గా కుదిరేది ఇక్కడే. ఇక్కడి హాస్టళ్లలో ఒక విద్యాసంవత్సరం పాటు ఆ పట్టికను అమలుచేసి, పిల్లల బరువు, పొద్దున తాగిన జావ, మైదానంలో గడిపిన సమయం రాసిపెడితే, ఇరవై దేశాల లెక్కల పక్కన పెట్టుకోవడానికి మన లెక్క ఒకటి ఉంటుంది.